బొటనవేలి కిటికీ

మసక మొదట చివరి కిటికీలో కనిపించింది. పాలలో ముంచి తీసినట్టు గోరంత మసక. కంటి దోషమనుకుని అతను కళ్ళజోడు తీశాడు, చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నాడు. మసక పోలేదు సరికదా, పక్క కిటికీలోకి పాకింది, అక్కడ కాసేపు ఆగింది, మళ్ళీ పాకింది. బల్ల మీద, అరచేతి కంటే కాస్త పొడవైన ఆ బొమ్మ రైలు బోగీలో, ఒక్కొక్క అద్దమూ లోపలి నుంచి తెల్లబడుతోంది, చలికాలం పొద్దున తలుపులన్నీ బిగించుకున్న బండిలో జనం ఊపిరితో తెల్లబడినట్టు. అప్పుడు చేతిలోని సీసా వంక చూశాడు. తెల్ల జిగురు కాదు అది. క్షణంలో అతికే జిగురు. అద్దాలు బిగించిన బోగీకి పైకప్పు అతికేటప్పుడు తెల్ల జిగురే వాడాలన్నది ఈ పనిలో చేయి పెట్టిన మొదటి వారంలో ఎవరైనా నేర్చుకునే మాట. ఆ రెండోది ఆరుతూ ఆరుతూ కంటికి కనబడని ఆవిరి వదులుతుంది, మూసేసిన బోగీలో ఆ ఆవిరికి దారి దొరకదు, దొరక్క అద్దాలకు కరుచుకుంటుంది. ఆ మాట ఎందరికి చెప్పాడో తనే. పళ్ళ సెట్లు చేసే ల్యాబులో బతుకంతా చేతులు అరగదీసుకున్నవాడు, మైనంలో వెంట్రుకవాసి తేడాని వేలికొసతో పట్టేవాడు, ఇవాళ సీసా మార్చి తీశాడు. రెండు జిగుర్లూ ల్యాబు నుంచి తెచ్చిన ఒకే రకం గోధుమరంగు సీసాల్లోనే ఉంటాయి, అందుకే పొరబాటు పడకుండా చెల్లెలు బుల్లి ఒకదాని మెడకి ఎర్రదారం కట్టింది. "దారం ఉన్నదాన్ని అద్దాలింట్లోకి రానీకు అన్నయ్యా, అది కళ్ళు పొడిచే రకం." సీసా మెడ ఇప్పుడు బోడిగా ఉంది. దారం బల్ల అంచున పడి ఉంది. పుచ్చి తెగిందనుకుని చేతిలోకి తీసుకున్నాడు. తెగలేదు. ఎవరో తీరిగ్గా ముడి విప్పి, తిన్నగా సాగదీసి, అక్కడ పెట్టినట్టుంది.

బయట మబ్బు పట్టి ఉంది, వానకు ముందటి ఆ పసుపు వెలుతురు గదిలోకి వంగి చూస్తోంది. వంటింట్లోంచి గిన్నె చప్పుడు, దాని వెనకే ఇల్లాలి గొంతు. "ఏవండీ, అన్నయ్యగారు బస్సు దిగారట. ఆ బొమ్మల బండి ముందునుంచి లేచి మొహం కడుక్కోండి. ఆయన వచ్చేసరికన్నా కాస్త మనిషిలా కనబడండి." "ఇప్పుడెలా కనబడుతున్నాను?" అన్నాడు, కళ్ళు కిటికీల మీంచి తీయకుండానే. "గూడ్సు బండిలా. ఒంటి నిండా తుప్పు." అవును, వేళ్ళకి తుప్పురంగు పొడి, చొక్కా మీద తుప్పురంగు పొడి, నిజంగానే ఏళ్ళ తరబడి వానకి తడిసిన ఇనుములా ఉన్నాడు. లేవలేదు. బావ వస్తున్నాడు. బుల్లి మొగుడు. వచ్చి ఏమడుగుతాడో తెలుసు, ఫోన్లో ముందే అడిగాడు, నెమ్మదిగా, ప్రతి మాటకీ గొంతు సవరించుకుంటూ. "మా ఎదురింట్లో బట్టలు కుట్టే ఆవిడ ఉంది కదా బావా, నీకు తెలుసుగా, మంచి మనిషి, నేను వండుకోలేక పస్తున్న రోజుల్లో అన్నం పెట్టింది. కానీ నీ మాట కావాలి నాకు. బుల్లి పోయిందని నువ్వంటే పోయిందనుకుంటాను. ఉందని నువ్వంటే ఇంకా ఆగుతాను. వాళ్ళూ వీళ్ళూ చెప్పేది నాకొద్దు." ఒక్క మాట. ఆ ఒక్క మాటకోసం ఒక మనిషి బతుకు గుమ్మంలో చెప్పులేసుకుని నిలబడి ఉంది, లోపలికీ రాలేక, బయటికీ పోలేక. చెప్పేద్దామనే నిశ్చయించుకున్నాడు. చెప్పగలిగే బలం కోసమే ఈ మధ్యాహ్నం, ఇన్నేళ్ళుగా తెరిచి ఉంచిన బోగీకి పైకప్పు మూశాడు. మూస్తే అయిపోతుందనుకున్నాడు.

ఈ బోగీ అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి మొదలుపెట్టింది. కొన్నప్పుడు ఉత్త ప్లాస్టిక్ డబ్బా, సబ్బుపెట్టెకి చక్రాలు తగిలించినట్టుండేది. ఇద్దరూ పనులు పంచుకున్నారు, ఇనుమంతా అన్నయ్యది, అద్దాలూ మనుషులూ చెల్లెలివి. అతను ప్లాస్టిక్ చక్రాలు ఊడపెరికి లోహపు చక్రాలు వేశాడు, గిటారు తీగ ముక్కలు వంచి అడుగున బ్రేకు గొట్టాలు పరిచాడు, సూదిమొనతో రంధ్రాలు తొలిచి తలుపుల పక్క పట్టుకునే కడ్డీలు దిగ్గొట్టాడు. చెల్లెలేమో పలకల్లాంటి పారదర్శకపు రేకులోంచి కిటికీలు కోసేది, ఒక్కొక్కటీ ఇమిడిందో లేదో కాంతికి ఎత్తి చూసేది, చూసి, బొటనవేలితో లోపలి నుంచి నొక్కి కూర్చోబెట్టేది. పెళ్ళయి వెళ్ళిపోయాక కూడా, పుట్టింటికొస్తే వచ్చినట్టే, చేతిసంచీ ఇంకా భుజానే ఉండగా ఈ గదిలోకి నడిచేది. ఒక వానాకాలం అలాగే వచ్చి, వాన చూరు మీద మోగుతుంటే, ఈ బోగీ కిటికీలన్నీ బిగించి వెళ్ళింది. తరవాత ఎండాకాలంలో మళ్ళీ వచ్చింది. ఆ రాక చివరిది. స్టేషన్లో ఆమె ఎక్కిన బోగీని అతను చూస్తూ నిలబడ్డాడు, ఎప్పుడూ చూసినట్టే, మనిషిని కాక బోగీని చూశాడు, మెట్టు ఒకటి వంగి ఉందని, మూడో కిటికీ కింద తుప్పు చారిక పొడుగ్గా కారిందని, తలుపు మీద ఎవరో రాయితో గీసిన గీత ఉందని. అదే ఇప్పుడు మిగిలింది. ఆమె చీర రంగు గుర్తులేదు, ఆఖరున ఏమందో గుర్తులేదు, తుప్పు చారిక ఎంత పొడుగో మాత్రం గుర్తుంది. ఆమె ఇల్లు చేరలేదన్న కబురు వచ్చిన తరవాత ఈ సగం చేసిన బోగీని తీసి, దీన్ని ఆ బోగీగా మార్చడం మొదలుపెట్టాడు. మెట్టు వంచాడు. చారిక దించాడు, రంగుసుద్ద పొడిని తడికుంచెతో తాకించి, తుడిచి, మళ్ళీ తాకించి. గీత గీశాడు. కిటికీ పక్కన ఒక్క సీటు ఖాళీగా ఉంచాడు. ఎవరన్నా అడిగితే ఇంకా అవలేదనేవాడు, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ అదే మాట, ఇంకా అవలేదు, ఇంకా అవలేదు, పైకప్పు తెరిచే ఉండేది, బోగీ అద్దాల బీరువాలో ఒంటరిగా, నెత్తిన ఆచ్ఛాదన లేకుండా ఉండేది.

సీటు ఖాళీగా ఉండడానికి కాళ్ళు కారణం. ఇంత చిన్న బోగీ పట్టాల మీద నిలవాలంటే అడుగున సీసం ముక్కలు పరచాలి, వాటి మీద సీట్లు పెట్టాలి, దాంతో సీట్లు ఎత్తయిపోతాయి, బొమ్మల కాళ్ళు పట్టవు. అందుకని ఈ పని చేసేవాళ్ళంతా బొమ్మల కాళ్ళు మోకాళ్ళ దాకా కోసేస్తారు. బయటి నుంచి చూసేవాళ్ళకి కిటికీలో నడుము పైభాగమే కదా కనిపించేది. నిండు బండిలో ఎవరికీ కాళ్ళుండవు, హాయిగా కూర్చుని ఉంటారు, ఒకరు పేపరు చదువుతూ, ఒకరు కునుకు తీస్తూ. బుల్లి కోసేటప్పుడు నవ్వేది. "కాళ్ళు లేనివాళ్ళకి సగం టికెట్టు ఇస్తారా అన్నయ్యా?" "పూర్తి టికెట్టే. దిగి పారిపోరుగా." ఆ నవ్వులాట తలచుకుంటే ఇప్పుడు నాలుక చేదెక్కుతుంది. ఆమె ఎక్కిన ఆ బండి చివరి స్టేషన్ చేరేసరికి ఆమె సీట్లో ఆమె పెట్టె ఉంది, సీటు కింద ఆమె చెప్పులున్నాయి, పక్కపక్కనే, పడుకోబోయే ముందు విడిచినట్టు. మనిషి లేదు. ఎదురుగా కూర్చున్నవాళ్ళు, చేతులు కడుక్కుంటానని లేచిందన్నారు, తలుపు వైపు వెళ్ళిందన్నారు, అంతకు మించి తెలియదన్నారు. పట్టాల పొడుగునా వెతికారు. పొదలు వెతికారు, వాగు వెతికారు. చెప్పులు విడిచి ఎవరన్నా ఎంత దూరం పోతారు? ఆ ప్రశ్న ఇన్నేళ్ళుగా ఇంట్లో అందరి నోటా తిరిగి తిరిగి అరిగిపోయింది. ఆమె కోసం రంగులేసిన బొమ్మ మాత్రం డబ్బీలో కాళ్ళతోనే ఉండిపోయింది, కోయలేకపోయాడు, కాళ్ళున్నాయి గనుక సీట్లో ఇమడలేదు, ఇమడలేదు గనుక బోగీ పూర్తికాలేదు. ఇవాళ భోజనమయ్యాక కూర్చుని, బ్లేడు మార్చి, పళ్ళు బిగబట్టి కోశాడు. టిక్కుమని రెండు చిన్న చప్పుళ్ళు. బొమ్మని ట్వీజరుతో దించి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, జిగురు చుక్కతో బిగించి, పైకప్పు మూశాడు. సీసా మార్చి మూశాడు.

కిటికీలన్నీ తెల్లబడ్డాయి ఇప్పుడు, పేపరు చదివేవాడు మాయమయ్యాడు, కునుకు తీసేవాడు మాయమయ్యాడు. ఆమె కిటికీ ఒక్కటే అందరికంటే వెనకగా, తీరుబడిగా తెల్లబడుతోంది, మిగతావాటిలా పొగలా కాదు, గీతలు గీతలుగా, నీళ్ళలో రాయి వేస్తే లేచే అలల్లా ఒకదాని చుట్టూ ఒకటి. అతను భూతద్దం అందుకున్నాడు. మోచేయి బల్లకి ఆనించాడు. కిటికీ అంత కిటికీ నిండా ఒక బొటనవేలు. లోపల కూర్చున్న మనిషి కంటే పెద్ద బొటనవేలు, లోపలి నుంచి అద్దానికి నొక్కిన బొటనవేలు.

ఇందులో వింతేమీ లేదని మొదట మనసే చెప్పింది, పాఠం అప్పచెప్పినట్టు. ఈ ఆవిరికి వేలి జిడ్డు ఇష్టం, జిడ్డున్న చోట మరింత పట్టుకుంటుంది, ఎన్నాళ్ళదైనా వేలిముద్రని పైకి లాగుతుంది. ఆ సంగతి అతను కళ్ళతో చూశాడు. బండిలో దొరికిన ఆమె పెట్టెని పోలీసుల వేలిముద్రల నిపుణుడు గాజు అరలో పెట్టి, కింద ఈ జిగురు చుక్కల్నే వేడిచేసి చూపించాడు, పెట్టె పిడి మీద తెల్లటి వేళ్ళు వాటంతటవే మొలిచాయి. నాలుగు వేళ్ళు. "బొటనవేలు రాదండీ," అన్నాడాయన, మెత్తగా, పరాయివాళ్ళ దుఃఖం దగ్గర మెలిగే అలవాటున్న గొంతుతో. "ఆ వేలికి కట్టు ఉందన్నారుగా. గుడ్డ అచ్చే పడింది." అవును, కట్టు ఉంది, కట్టింది తనే. బయల్దేరే రోజు పొద్దున, బండికి వేళవుతున్నా వినకుండా, ఈ బోగీ మెట్లకి ఇత్తడి రేకు కోసిస్తానని కూర్చుని బొటనవేలు తెగ్గోసుకుంది, గోరు పక్కనుంచి ఏటవాలుగా, లోతుగా. "ఏం కాదులే అన్నయ్యా, నీ బండికి నా రక్తం కూడా ఒక కోటింగు." సరే, పెట్టె మీద రాని బొటనవేలు ఇక్కడ ఉంది. ఉండదా మరి? కిటికీలు నొక్కి బిగించింది ఆ వేలే కదా, ఆ వానాకాలంలో. ఊపిరి తిరిగింది అతనికి. దాచుకోవలసినది దొరికిందని కళ్ళు తడిశాయి కూడా. బల్ల సొరుగులో గులాబిరంగు మైనం ముక్క ఒకటుంది, ఆ వానాకాలమే బుల్లి ఆటగా వేలు గుచ్చిన ముక్క, పళ్ళ సెట్లకి వాడే మైనం, పారేయబుద్ధికాక కాగితాల మీద బరువుగా ఉంచుకున్నది. తీశాడు. కిటికీ పక్కన పెట్టాడు. అచ్చులో కుడి ఎడమవుతుంది, జీవితమంతా నోళ్ళ అచ్చులు తీసినవాడికి దాన్ని మనసులో తిప్పుకోవడం ఎంతసేపు. సుడి అదే. సుడి పక్కన విడిపోయి మళ్ళీ కలిసే ఆ చిన్న గీత అదే. బుల్లి వేలే, అనుమానం లేదు. అని భూతద్దం దించబోయి, దించలేకపోయాడు.

కిటికీలోని ముద్రకి అడ్డంగా ఒక గీత ఉంది. గోరు పక్కనుంచి ఏటవాలుగా. సన్నగా, శుభ్రంగా, అంచులు కలిసిపోయి, మానిన గాయం మచ్చలా.

మైనం మీద ఆ గీత లేదు. ఉండదు, అప్పటికి వేలు తెగలేదు. కిటికీలు బిగించినప్పుడూ తెగలేదు. తెగింది వెళ్ళిన రోజు పొద్దున, తెగిన వేలికి కట్టు తడితడిగా ఉండగానే బండెక్కింది, ఆ తరవాత ఆ వేలిని ఈ ఇంట్లో ఎవరూ చూడలేదు, మానడం గానీ, మచ్చ గానీ, ఎవరూ చూడలేదు. రోజులు పట్టే పని అది, గాయం మాని గీతగా మిగలడం. ఆ రోజులు ఎక్కడ గడిచాయి? తనే తప్పు గుర్తుపెట్టుకున్నాడేమో, తెగింది ముందు, కిటికీలు తరవాతేమో అని వెనక్కి నడిచాడు మనసులో, చూరు మీద వాన చప్పుడు వినిపించింది, కిటికీలు. ఎండకి వేడెక్కిన ప్లాట్‌ఫారం అరికాళ్ళకి తగిలింది, గాయం. ఎటునుంచి నడిచినా అదే వరస. అద్దం మీద పడిన గీరేమో. గీర అయితే ముద్ర గీతలు దాని దగ్గర లోపలికి వంగవు, చర్మమే కుట్టుకున్నట్టు వంగవు. ఎప్పుడో వచ్చి వెళ్ళిందా, ఎవరికీ చెప్పకుండా, ఈ గదిలోకి, బీరువా తీసి? తీసినా వేలు పట్టదు లోపల, సీట్లు కిటికీలకి ఆనుకుని బిగించి ఉన్నాయి, ఆమె మాయమైన వారంలోనే తను బిగించాడు, అంత సందులో బొటనవేలు పట్టదు. పట్టేది లోపల కూర్చున్నవాళ్ళ చేతులే. ఆ ఆలోచన రాగానే దాన్ని వెనక్కి నెట్టాడు, అది పోలేదు, పక్కన కూర్చుంది. బ్లేడు కింద పరిచే చాప మీద కోసిపడేసిన కాళ్ళ కోసం చూశాడు, ఊడ్చి పారేద్దామని, రెండు ముక్కలే కదా, బియ్యపు గింజలంత. చాప మీద లేవు. బల్ల మీద లేవు. చొక్కా దులిపాడు, తుప్పు రాలింది.

తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడు. పక్కపక్కనే పెట్టిన చప్పుడు. బావ ఎప్పుడూ అంతే, చెప్పులు సర్ది పెడతాడు, ఆ పోలీసు స్టేషన్లో ఆ జోడు చూసినప్పటినుంచి. లోపలికొచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. జుట్టు నెరిసింది, మెడ దగ్గర కొత్తగా కుట్టిన చొక్కా నలగకుండా నిలబడి ఉంది, ఆ కుట్టు ఎవరిదో తెలుస్తూనే ఉంది. ఇల్లాలు మంచినీళ్ళిచ్చి, "బాగా చిక్కారు అన్నయ్యగారూ," అని, ఇద్దరి మొహాలూ చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

"పూర్తయిందా బావా?" అన్నాడు బావ బోగీ వంక చూసి. ఇన్నేళ్ళలో ఆ మాట ఎన్నడూ అడగనివాడు.

"మూశాను."

"మరి అద్దాలకి మంచు పట్టిందేం?"

"జిగురు మారింది. నా పొరబాటు."

"నువ్వా? నీకూ చేయి తప్పుతుందన్నమాట." నవ్వబోయి, నవ్వు కుదరక, మోకాళ్ళ మీద అరచేతులు రుద్దుకున్నాడు. "విప్పి తుడవచ్చుగా."

"విప్పితే విరుగుతుంది."

చూరు మీద వాన మొదలైంది. తరవాత బావ అడిగాడు, నేల వైపు చూస్తూ. "ఏం చెప్తావు మరి?"

పోయింది అనడానికి నోరు తెరిచాడు. మానిన ఆ గీత అడ్డొచ్చింది. పోనీ ఉంది అనాలా? ఉంటే ఎక్కడ, ఎలా, ఈ మనిషిని మళ్ళీ ఏ స్టేషన్లో నిలబెట్టాలి, ఇంకెన్ని బండ్లు ఎదురుచూడమనాలి? జవాబుకి బదులు అతను బోగీని రెండు చేతులా ఎత్తాడు, ఎత్తి ఉలిక్కిపడ్డాడు, బరువుగా ఉంది, పొద్దున ఇంత బరువు లేదు. బోగీని పట్టాల మీదున్న బొమ్మ రైలు చివర తగిలించి మీట తిప్పాడు. గోడ పొడుగునా పలక మీద పరిచిన పట్టాలు కిటికీ పక్క వంపు తిరిగి, బీరువా వెనక నుంచి దూరి, మళ్ళీ బల్ల దగ్గరకొస్తాయి. ఆ వంపు దగ్గర ఈ బోగీ ఎప్పుడూ పడిపోయేది. సీసం ఎంత వేసినా, చక్రాలు ఎంత సరిచేసినా, చివరన తగిలిస్తే చాలు, తేలిగ్గా తలవాల్చి పక్కకి ఒరిగేది. ఇవాళ ఒరగలేదు. నిండు మనిషి ఎక్కిన బోగీలా పట్టాలని కరిచిపట్టుకుని, గుడుగుడుమని లోతుగా మోగుతూ వంపు దాటింది. తెల్లటి కిటికీలు ఒకదాని వెనక ఒకటి బీరువా వెనక్కి వెళ్ళిపోయాయి.

అప్పుడు, ఒకరికొకరు చెప్పుకోకుండానే, ఇద్దరూ బీరువా అవతలి అంచు వైపు చూస్తూ ఎదురుచూశారు. చప్పుడు వినిపిస్తోంది, బండి కనబడదు. అంత చిన్న బీరువా వెనక అంతసేపా. బావ ఊపిరి బిగబట్టాడని అతనికి తెలిసింది, తనూ బిగబట్టాడు గనుక. చప్పుడు ఒకచోట ఆగినట్టయింది, ఎవరో దిగడానికి మాత్రమే ఆగినట్టు, మళ్ళీ మొదలైంది. ఇంజన్ వచ్చింది. దాని వెనక బోగీలు వచ్చాయి. ఆఖరున అది.

"అదిగో బావా, ఆ ఒక్క అద్దం బాగుందే," అన్నాడు బావ, మాట మార్చే వంక దొరికినవాడిలా, కాస్త తేలికపడి. "అదొక్కటీ తుడిచినట్టుంది."

తుడిచినట్టే ఉంది. బయటి నుంచి కాదు, లోపలి నుంచి, ఎక్కడున్నామో చూడడానికి ప్రయాణికులు అరచేత్తో తుడుచుకున్నట్టు, గుండ్రంగా, తేటగా. ముద్ర లేదు, గీత లేదు. బండి బల్ల దాటింది, మళ్ళీ ఆ వంపు దగ్గరికి వెళ్ళింది, చివరి బోగీ ఎప్పటిలానే తేలిగ్గా తలవాల్చి, చప్పుడు కూడా సరిగా చేయకుండా, పక్కకి ఒరిగిపోయింది. అతను మీట ఆపి వెళ్ళి వంగి చూశాడు. తేట అద్దంలోంచి సీటు కనిపించింది. సీటు మీద ఎండిన జిగురు చుక్క కనిపించింది. అంతే.

"పడిపోయిందే," అన్నాడు బావ లేవబోతూ. "లేపి నిలబెట్టనా?"

"వద్దు బావా." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది, ఎన్నాళ్ళుగానో గదిలో పెట్టి తాళం వేసిన గొంతు. "దిగిపోయింది. నువ్విక ఆగకు."